వెళ్ళడానికి రెండు టికెట్లు, రావడానికి మూడు

నేపాలు వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ మంచు కొండల గురించే అడుగుతున్నారు. చూశాను. ఒకరోజు పొద్దున్నే, ఎక్కడో దూరంగా, ఉతికి ఆరేసిన పంచెల్లాగా కనిపించాయి. అంతకు మించి వాటి సంగతి నాకు తెలియదు. నేను కొండల కోసం వెళ్ళలేదు, నా మనవరాలి కోసం వెళ్ళాను. దాపరికమెందుకు, దాన్ని చెప్పాపెట్టకుండా తెచ్చేసుకుందామనే వెళ్ళాను.

అనకాపల్లి గవరపాలెంలో ఏళ్ళ తరబడి జాకెట్లూ గౌన్లూ కుడుతున్న మార్తమ్మని నేను. మా అమ్మాయి గ్రేసు విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేసేది. ఆ వీధి చివర నూడుల్స్ బండి పెట్టుకున్న నేపాలీ అబ్బాయి డంబర్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళికి ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది, అల్లుడు మంచివాడని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది. పాప స్నేహకి రెండేళ్ళు నిండకుండానే కామెర్లొచ్చి గ్రేసు పోయింది. అప్పటినుంచీ పిల్ల నా కుట్టుమిషను కింద గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగింది. డంబర్ ఆదివారం ఆదివారం వచ్చి, కూతురికి వండిపెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళేవాడు.

పోయిన వేసవిలో డంబర్ వాళ్ళ నాన్న కొండదారిలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. "నెల్రోజుల్లో వచ్చేత్తాం అత్తా. పాపని మా అమ్మకి సూపించి తెచ్చేత్తాను" అని డంబర్ పిల్లని తీసుకుని వెళ్ళాడు. అన్నేళ్ళు విశాఖలో బండి తోలిన మనిషి కదా, మాట మన మాటే. నెల దాటాక ఫోను చేశాడు. "నాన్న మంచం దిగలేకపోతన్నాడత్తా. నేనిక్కడే ఉండిపోవాల. పాపని ఇక్కడ బడిలో ఏసేను."

అంతే. తర్వాత నేను చేస్తే ఆ ఊరి కొట్లో ఉన్న ఒక్క ఫోనూ మోగడమే గాని ఎత్తేవాళ్ళు లేరు.

ఎదురింటి పుష్పమ్మ నా గుండెల్లో ఉన్న భయాన్ని వీధిలో పెట్టి మరీ చెప్పింది. "దేశం దాటిపోయిన గుంట మరి తిరిగొత్తాదేటి? పక్కూరయితే ఎళ్ళి తెచ్చీగలం. అక్కడ మన మాట ఎవుడింటాడు?" కోర్టు దగ్గర ఒక వకీలుని అడిగితే, తండ్రి దగ్గరే ఉంది కదమ్మా, పైగా వేరే దేశం, అని ఫైలు మూసేశాడు. చలికి తట్టుకుంటుందా, ఆ కొండల్లో మొన్నటిదాకా కాల్పులట కదా, రేపు డంబర్ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వచ్చే ఆవిడ ఎలా చూస్తుంది, పడుకునేముందు ప్రార్థన చెప్పించేది ఎవరు, అన్నిటికన్నా ముఖ్యం, నన్ను మర్చిపోతుందా? ఈ ఆలోచనలతో ఒకావిడ జాకెట్టుకి రెండూ కుడిచేతులే కుట్టేశాను.

ఆరోజే మా అబ్బాయి సుధీర్‌ని రైల్వే స్టేషనుకి పంపాను. వెళ్ళడానికి రెండు టికెట్లు, హౌరా నుంచి తిరిగి రావడానికి మూడు.

"మూడేటమ్మా?" అన్నాడు.

"సెప్పింది సెయ్యి" అన్నాను.

హౌరా దాకా బెల్లంతో

మా ఊరు బెల్లానికి పేరు. ఊరు దాటి ఎక్కడికెళ్ళినా బెల్లం పట్టుకెళ్ళడం మాకు రివాజు. నేను ఒక పెద్ద బెల్లపు దిమ్మ గుడ్డలో మూటగట్టి బెర్తు కింద తోశాను. ఒడిశా దాటేసరికి పెట్టెలో ఉన్న చీమలన్నీ మా సీటుకి చుట్టరికం కలుపుకొచ్చాయి. ఎదురు బెర్తులో బరంపురం ఆవిడ, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతోంది, తన పసుపు పొట్లం విప్పి మూట చుట్టూ గీత గీసింది.

"మనవరాలికా?" అంది.

"మనవరాలికే."

"ఎక్కడుంది?"

"నేపాల్లో."

ఆవిడ "అయ్యో, అంత దూరమిచ్చారా?" అంది. ఇవ్వలేదమ్మా, తీసుకుపోయారు, అనబోయి ఊరుకున్నాను.

హౌరాలో బండి మారి రక్సౌల్ వెళ్ళే రైలెక్కాం. పెట్టె నిండా దసరా పండక్కి ఇళ్ళకు వెళ్తున్న నేపాలీ కూలీలు, వాచ్‌మన్‌లు. ఒకతను మద్రాసులో గేటు దగ్గర పనట. తన సంచిలోంచి చిన్న వెండి పట్టీలు తీసి చూపించాడు. కూతురికా అని సైగ చేస్తే కాదన్నాడు, చెల్లెలి కూతురికట. సొంత పిల్లలకేం కొన్నాడో చూపించలేదు. వింత మనిషి అనుకుని నిద్రపోయాను.

రక్సౌల్: గీత లేని సరిహద్దు

అంతర్జాతీయ సరిహద్దు అంటే నేను ముళ్ళకంచె, తుపాకులు, బల్ల మీద పెద్ద పెద్ద పుస్తకాలు ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది ఒక మురికి కాలవ, ఒక వంతెన, ఒక గేటు, దాని కింద నుంచి పోతున్న గుర్రబ్బళ్ళు. మా టాంగా గుర్రం కూడా కునుకుతూనే దేశం దాటింది. ఒక పోలీసు నా మూట వాసన చూసి, "గుడ్?" అని అడిగాడు. హిందీలో బెల్లాన్ని అలాగే అంటారని సుధీర్ చెప్పాడు. తలూపాను. ఒక ముక్క విరిచి ఇస్తే నోట్లో వేసుకుని పొమ్మన్నాడు.

సుధీర్‌కి నవ్వొచ్చింది గాని నాకు రాలేదు. ఎవరూ ఏమీ అడగని చోటునుంచే కదా నా పిల్ల కూడా వెళ్ళిపోయింది! మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. రావడానికీ ఎవరూ అడగరు. ఆ ఆలోచన రాగానే నాకు ఆకలి కూడా వేసింది.

బీర్‌గంజ్‌లో టీ తాగాం. గ్లాసు పది రూపాయలంటే సుధీర్ మండిపడి దెబ్బలాటకి దిగాడు. తీరా చూస్తే అది వాళ్ళ రూపాయల్లో, మన డబ్బులో ఆరూ చిల్లర. కొట్టువాడు ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ళ గడియారం మనకన్నా పావుగంట ముందుంటుందట. వంతెనకి ఇటు ఒక టైము, అటు ఒక టైము. గ్రేసు కొనిచ్చిన నా చేతి గడియారాన్ని నేను మాత్రం మార్చలేదు.

హెటౌడా: చెప్పు బకిలు పెట్టని తాత

కొండలు మొదలయ్యే చోట హెటౌడా అనే ఊళ్ళో బస్సు దిగి భోజనానికి కూర్చున్నాం. పళ్ళెంలో అన్నం, పప్పు, ఆవాకు కూర, ముల్లంగి పచ్చడి. అడక్కుండానే అన్నం మళ్ళీ మళ్ళీ వడ్డించారు, దానికి వేరే డబ్బు లేదు. మన మెస్సుల్లో రెండోసారి కూర అడిగితే ఎలా చూస్తారో గుర్తొచ్చి నేను మూడోసారి కూడా వేయించుకున్నాను. కారం మాత్రం పేరుకే ఉంది. సంచిలోంచి ఆవకాయ తీస్తే హోటలావిడ వేలితో రుచిచూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని పకపకా నవ్వింది.

అప్పుడే బస్సు దిగిన ఒక కుటుంబం హోటల్లోకి వచ్చింది. లోపల కూర్చున్న ముసలాయన వాళ్ళని చూసి లేచాడు. డెబ్బై దాటి ఉంటాయి. చేతికర్ర పక్కన పెట్టి, నడుం పట్టుకుని వంగి, ఆ కుటుంబంలోని చిన్నపిల్ల కాళ్ళ దగ్గర తల వంచాడు.

"చెప్పు బకిలు పెడతన్నాడేమో" అన్నాడు సుధీర్.

ఆ పిల్ల కాళ్ళకి చెప్పులు లేవు. నేను చూశాను. బకిళ్ళూ, బొత్తాలూ నా కంటిని దాటిపోవు. ముసలాయన లేచి పిల్లని ముద్దుపెట్టుకుని ఏడ్చాడు, అందరూ కూర్చుని అన్నం తిన్నారు. మా ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

మా వియ్యపురాలి ఇల్లు

డంబర్ వాళ్ళ ఊరు జీపులో ఎక్కి, దిగి, మళ్ళీ నడిస్తే వస్తుంది. ఎర్రమట్టి అలికిన ఇళ్ళు, కింద మెట్లు మెట్లుగా వరి. ఊరి మొదట్లో నాలుగు పెద్ద వెదుళ్ళు వంచి కట్టిన ఉయ్యాల. దసరాని వాళ్ళు దశైం అంటారు. ఆ పండక్కి ప్రతివాళ్ళూ ఒక్కసారైనా ఉయ్యాలెక్కి కాళ్ళు నేల మీదనుంచి ఎత్తాలట.

ఆ ఉయ్యాల మీద కాళ్ళెత్తి ఊగుతున్న పిల్ల మా స్నేహ.

నేను మనిషి మొహంకన్నా ముందు కుట్టు చూస్తాను. అలవాటు. అది వేసుకున్నది నేను కుట్టిన పసుపు గౌనే. పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చని గౌన్ల కింద నేను నాలుగు వేళ్ళ మడత పెట్టి కుడతాను. ఆ మడత ఎవరో విప్పారు. విప్పితే పాత గీత తెల్లగా కనపడుతుంది, ఎంత ఉతికినా పోదు. ఆ గీత మీద ఎర్రదారంతో సన్నటి గొలుసుకుట్టు, చుట్టూరా, ఒక్క కుట్టూ వంకర పోకుండా. పొద్దు వాలాక దీపం దగ్గర కళ్ళు చికిలించుకుని కుడితే తప్ప అలాంటి కుట్టు రాదు.

"అమ్మమ్మా!" అని అది ఉయ్యాల ఆగకుండానే దూకింది. నా నడుం పట్టుకుని, "ఏటి ఇంత ఆలిస్యంగా వచ్చేవు?" అని దెబ్బలాడింది. మాట పోలేదు. నన్ను మర్చిపోలేదు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయిగాని పిల్ల దిట్టంగా ఉంది. నేను కొత్తగా కుట్టి తెచ్చిన మూడు గౌన్లూ దానికి బిగుతైపోయాయి.

మా వియ్యపురాలు సన్నగా, పొట్టిగా, నాకన్నా చురుగ్గా ఉంది. ఆమెకి తెలుగు రాదు, నాకు నేపాలీ రాదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి గోడకున్న గ్రేసు ఫోటో చూపించింది. దానికి బంతిపూల దండ. కింద అరుగు మీద ఏటికొప్పాక లక్కపిడతలు, పోయినేడు స్నేహ పుట్టినరోజుకి నేను కొన్నవి, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. రాత్రి పడుకునేముందు స్నేహ చేతులు జోడించి తెలుగులో ప్రార్థన చెప్పుకుంటుంటే, ఆమె పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు కాకుండా ఆగి, అయ్యాక మళ్ళీ కడిగింది. మంచం మీద నుంచి వియ్యంకుడు తనకి వచ్చిన ఒకే ఒక్క తెలుగుమాట అన్నాడు, "ఆమెన్."

అంతా చూశాక నా భయాలు ఒక్కొక్కటీ ఊడిపోయాయి. ఒక్కటే మిగిలింది. బాగా చూసుకుంటున్నారు, అందుకే ఇక వదలరు. తెచ్చేసుకోవాలన్న పట్టుదల తగ్గలేదు, దొంగతనం చేస్తున్నానన్న సిగ్గు మాత్రం మొదలైంది. దశమి మర్నాడు ఇల్లంతా చుట్టాల ఇళ్ళకి పోతుందని తెలుసుకున్నాను. బజారు చూపించి తెస్తానని పిల్లని కొండ దింపి, జీపెక్కేయాలి. సుధీర్‌కి చెప్తే, "బావకి తెలిస్తే ఏటవుతాదమ్మా?" అన్నాడు.

"నాకు సెప్పకుండా ఆడు బడిలో ఎయ్యలేదేటి?" అన్నాను.

మధ్యలో రెండురోజులు వియ్యపురాలూ నేనూ కలిసి వంట చేశాం. వాళ్ళు బియ్యప్పిండిలో పంచదార కలిపి, నూనెలో గుండ్రంగా పోసి, గాజుల్లాంటి రొట్టెలు వేస్తారు. నేను మా బెల్లం దంచి పాకం పట్టి అరిసెలు వండాను. ఆమె పిండిలో నా బెల్లం కలిపి చూసింది, నేను ఆమెలాగా గుండ్రంగా పోయబోయి చెయ్యి కాల్చుకున్నాను. ఊరివాళ్ళంతా కలిసి నన్ను ఉయ్యాల కూడా ఎక్కించారు. చీర చెంగు వెదురుకి చిక్కుకుని చిరిగింది. వియ్యపురాలు వెంటనే సూది తెచ్చింది. అదే ఎర్రదారం.

దశమి

పండగనాడు మంచం మీదనుంచే వియ్యంకుడు అందరికీ నుదుట పెరుగూ, బియ్యమూ, కుంకుమా కలిపిన పెద్ద బొట్టు పెట్టి దీవించాడు. చెవి మీద పచ్చటి బార్లీ మొలకలు పెట్టారు. నేను బాప్టిస్టు మనిషిని, బొట్టు పెట్టుకోను. ఆయన ఏమీ అనుకోకుండా నా తలమీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు.

అన్నాలయ్యాక వియ్యపురాలు లోపలినుంచి ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో స్నేహ బట్టలు, స్వెట్టరు, బడి పుస్తకాలు, లక్కపిడతలు. అన్నీ మడతలు పెట్టి సర్దేసి ఉన్నాయి. మా పథకం బయటపడిపోయిందనుకున్నాను.

డంబర్ అన్నాడు, "రేపు పొద్దున్న బయల్దేరితే పున్నమిలోపు అనకాపల్లి సేరిపోతారా అత్తా? అమ్మ ఒకటే గోల పెడతంది. నేనే తెద్దామనుకున్నాను, అంతలో మీరే వచ్చేరు."

"ఎందుకు సేరాల?" అన్నాను.

"దశైంకి పిల్లలు మామోళ్ళింటికి ఎళ్ళి బొట్టెట్టించుకోవాలి కదా. పున్నమి దాటిపోతే పండగ అయిపోయినట్టే. బడికి కూడా సెలవులే. దీపావళెళ్ళేక వచ్చి తీసుకెళ్తాను. ఏటేటా అంతే కదత్తా."

"ఏటేటానా?"

"మరి? ఆడపిల్ల బిడ్డంటే అమ్మమ్మోళ్ళింటికి దేవుడితో సమానం మాకు. మా మేనమామ ముసిలోడైపోయినా ఇప్పటికీ నా కాళ్ళకి దణ్ణమెడతాడు."

హెటౌడా ముసలాయన గుర్తొచ్చాడు. చెల్లెలి కూతురికి పట్టీలు కొనుక్కెళ్ళిన వాచ్‌మన్ గుర్తొచ్చాడు. నాకు ఒక్కసారిగా కోపమొచ్చింది. "ఈ ముక్క ఫోనులో సెప్పలేకపోయేవా? నాను ఎన్ని రాత్రులు నిద్రలేకుండా ఉన్నానో తెలుసా?"

అతను నిజంగానే తెల్లబోయాడు. "ఇది కూడా సెప్పాలేటత్తా?"

చెప్పక్కర్లేదని అతను అనుకున్నాడు. పండగ పూట పిల్ల మేనమామ ఇంటికి వెళ్తుందని చెప్పడం వాళ్ళకి, పొద్దున్నే సూర్యుడొస్తాడని చెప్పడంలాంటిది. మనవైపు అమ్మ పోతే అమ్మమ్మ హక్కు కూడా పోతుందనే కదా నేను అనకాపల్లి నుంచి ఆ భయాన్ని బెల్లంతోపాటు మూటగట్టి తెచ్చుకున్నది!

"టికెట్లే కష్టం, పండగ రద్దీ" అన్నాడు డంబర్. సుధీర్ నావంక చూశాడు. ఇక దాచేదేముంది, జేబులోంచి టికెట్లు తీసి ఇచ్చాడు. డంబర్ విప్పి చూశాడు. రెండు పెద్దవాళ్ళవి, ఒకటి చిన్నపిల్లది, పేరు స్నేహ.

నేను తల వంచుకున్నాను. డంబర్ ఒక్క గెంతులో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం చూపించి ఏదో చెప్పాడు. ఆమె రెండు చేతులూ జోడించి నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"మా రివాజు మీకు ముందే తెలుసన్నమాట! పాపకి టికెట్టు కూడా తీసేసేరు. ఇంత మర్యాద తెలిసిన వియ్యపురాలు దొరకడం మా అదృష్టమంటంది అమ్మ."

సుధీర్ దగ్గొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు. నేను కాదనలేదు. కాదని చెప్పడానికి నాకు నేపాలీ రాదు. తెలుగు తెలిసిన అల్లుడికి చెప్పడానికి ధైర్యం రాలేదు.

తిరిగి గవరపాలెం

పొద్దున్నే బయల్దేరాం. వియ్యపురాలు ఆకులో చుట్టి కుంకుమా బియ్యమూ ఇచ్చింది, పెరుగు మీ ఇంట్లో కలపండి అని సైగ చేసింది. రక్సౌల్ గేటు దాటేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది, గట్టిగా జవాబు చెప్పేదాన్ని. వంతెన దిగాక నా గడియారమే సరైనదయింది. రైల్లో స్నేహ కిటికీ దగ్గర కూర్చుని, ఎదుటివాళ్ళందరికీ నేను మామ ఇంటికి వెళ్తున్నానని వచ్చీరాని నేపాలీలో చెప్పింది. నేను హౌరా నుంచి అనకాపల్లి దాకా ఇన్నాళ్ళ నిద్రా ఒకేసారి పోయాను.

ఇంటికి చేరేసరికి పున్నమి ఇంకా రేపు. తాళం తీసి లోపలికి రమ్మంటే స్నేహ గుమ్మంలోనే నిలబడిపోయింది. జోళ్ళు విప్పి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, ఎదురుచూస్తోంది. వాళ్ళ నాయనమ్మ చెప్పి పంపిందట, మామ ఇంట్లో ముందు దణ్ణం పెట్టించుకోవాలని. సుధీర్ నవ్వుతూ వంగి కాళ్ళు తాకాడు. అది పెద్దమనిషిలా వాడి తల మీద చెయ్యి వేసి, తర్వాత నావైపు చూసింది.

దేవుడి ముందు తప్ప మోకరించకూడదని పెరిగినదాన్ని నేను. కాని మంచి శుక్రవారం ముందు రోజున ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి మా పాస్టరుగారు ఏటా చదువుతారు, ఏటా వింటాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆ దుమ్ము పాదాలు రెండూ చేత్తో తుడిచి, తల ఆనించాను. తర్వాత పెరుగు కలిపి, జీవితంలో మొదటిసారి ఒకరి నుదుట బొట్టు పెట్టి, తెలుగులో ప్రార్థన చేశాను.

లేచి చూస్తే ఎదురింటి గుమ్మంలో పుష్పమ్మ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"గుంటని తెచ్చీసేవేటి మార్తమ్మా?"

"నాను తేలేదు పుష్పమ్మా" అన్నాను. "ఆళ్ళే పంపేరు."

ఇప్పుడు ఇది రాస్తుంటే స్నేహ మిషను కింద కూర్చుని లక్కపిడతల్లో గుడ్డముక్కలు వండుతోంది. దానికి కొత్త గౌను కుడుతున్నాను, కింద ఆరు వేళ్ళ మడత పెట్టి. విప్పడానికి అక్కడ మంచి చెయ్యి ఉంది. దీపావళి తర్వాత డంబర్ వస్తానన్నాడు, అక్కర్లేదని కబురు చేశాను. పొద్దున్నే సుధీర్‌ని మళ్ళీ స్టేషనుకి పంపాను.

"ఎన్నమ్మా?" అన్నాడు.

"ఎళ్ళడానికి మూడు. రావడానికి రెండు."